గంజీఫాలో ఎక్కా కూడా గెలుస్తుంది

శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిది. కట్టించినవాడు గోల్కొండ కుతుబ్‌షాహీల ఫౌజ్‌దార్ షేర్ ముహమ్మద్ ఖాన్. ఆ జమానాలో చికాకోల్ అంటే ఫార్సీ దఫ్తర్, ఫార్సీ హుకుం. ఊరి పేరుకి అసలు మాట 'సిక్కా ఖోల్' అని చెప్పే బుజుర్గులు మనలో ఇప్పటికీ ఉన్నారు. శిస్తు మూటలు విప్పి సిక్కాలు లెక్కపెట్టిన చోటట. భాషా పండితులు ఒప్పుకుంటారో లేదో గానీ, కథ మాత్రం మజాగా ఉంటుంది.

దఫ్తర్‌తో పాటు ఆ లోకం నుంచి ఒక ఆట కూడా ఈ వైపుకి వచ్చింది. దాని పేరు గంజీఫా. గుండ్రటి పేకలతో ఆడతారు. 1527లో బాబర్ బాద్‌షా సింధ్‌లోని షా హసన్‌కి గంజీఫా పంపించినట్టు బాబర్‌నామాలో ఉంది. అక్బర్ కాలానికి 12 రంగుల, 144 పేకల గంజీఫా ఎలా ఉండేదో అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో వివరంగా రాశాడు. అందులో ఒక రంగు పేరు గజపతి. ఏనుగుల బలం ఉన్న బాద్‌షా అన్నమాట, దానికి ఆయన చూపిన మిసాల్ ఒరిస్సా పాలకుడు. విజయనగరం పూసపాటి వాళ్లు పేరులో పెట్టుకున్న గజపతి, పర్లాకిమిడి రాజులు పెట్టుకున్న గజపతి ఆ బిరుదే. మన ప్రాంతపు రాజబిరుదు ఆగ్రా దర్బార్‌లో పేకముక్క ఎక్కింది!

పర్లాకిమిడి మనకి పరాయి ఊరు కాదు. పాతపట్నం దాటితే అదే. 1900 నుంచి నౌపడా నుంచి చిన్న రైలు నడిచేది. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు అటు వెళ్లిపోయింది గానీ, అక్కడి బాజార్లో తెలుగు నేటికీ వినిపిస్తుంది. గంజీఫా చిత్రాలకి పేరున్న ఊళ్లలో అదొకటి. పాత నూలు గుడ్డ పొరలకి చింతగింజల జిగురు, సుద్దపొడి పట్టించి, గుండ్రంగా కోసి, రంగులేసి, పైన లక్క పూస్తారు. నవాబులకి ఏనుగు దంతం మీద వేసిన దర్బార్ కలమ్, మామూలు జనానికి ఈ బాజార్ కలమ్. ఒడిశా చిత్రకారులు మొగలు బొమ్మల బదులు దశావతారాలు వేశారు, రామాయణం వేశారు. మీర్ పోయి రాముడొచ్చాడు, వజీర్ మాత్రం మంత్రిగా మిగిలాడు. అయినా ఆట ఖాయిదా పాతదే, అందులోని ఒక హిక్మత్ కూడా చెక్కుచెదరలేదు. నేను చెప్పాలనుకున్నది ఆ హిక్మత్ గురించే.

మొగలు గంజీఫాలో 8 రంగులు, రంగుకి 12 పేకలు, మొత్తం 96. ప్రతి రంగులో మీర్, వజీర్, ఆపైన ఒకటి నుంచి పది వరకు. ముగ్గురు ఆడతారు, తలా 32. తురుపు లేదు. వేసిన రంగులో పెద్ద పేక ఎవరిదైతే పట్టు వాళ్లది. ఇలాంటి ఆటలో ఎవరి చేతిలోనైనా అన్నీ ఎక్కాలు, దుగ్గీలే పడితే వాడి పని మొదట్లోనే ఖతం. రెండు గంటలు కూర్చుని పక్కవాళ్ల గెలుపు చూడాల్సిందే.

పాతవాళ్లు దీనికి చేసిన ఇలాజ్ ఇది. ఎనిమిది రంగుల్ని రెండు జట్లుగా విడదీశారు. తాజ్, సఫేద్, షంషేర్, గులామ్ బేష్‌బర్ రంగులు. వీటిలో మీర్, వజీర్ తర్వాత దహ్లా పెద్దది, ఎక్కా అన్నిటికన్నా చిన్నది. చంగ్, సుర్ఖ్, బరాత్, ఖిమాష్ కమ్‌బర్ రంగులు. వీటిలో మీర్, వజీర్ తర్వాత ఎక్కా! దహ్లా అడుగున. లెక్కేసి చూడండి: ఎక్కా ఒక జట్టులో పన్నెండోది, రెండో జట్టులో మూడోది, కలిపితే 15. దహ్లా మూడోది, పన్నెండోది, మళ్లీ 15. తిక్కీ పదోది, ఐదోది, అదీ 15. ఏ అంకెకీ శాశ్వతంగా హీనజాతి రాసిపెట్టి లేదు. ఇంకొకటి గమనించారా, బంగారు అష్రఫీ బొమ్మ ఉన్న సుర్ఖ్ కమ్‌బర్‌లో ఉంది, గులామ్ బేష్‌బర్‌లో ఉన్నాడు. ఎందుకలా పెట్టారో గానీ నాకు మాత్రం ఇష్టం.

ఇది సబ్‌కో బరాబర్ చేయడం కాదు. మీర్ మీరే. చేతులు ఎక్కువతక్కువగానే పడతాయి. కానీ ఒకచోట పనికిరానిది ఇంకోచోట పనికొస్తుంది, ఎప్పుడు ఎక్కడ దించాలో తెలిసినవాడికి. యూరప్ వాళ్లూ ఇదే చేశారు: స్పెయిన్ ఓంబ్రే ఆటలో, ఇటలీ పాత తారోలో సగం రంగులకి అంకెల వరుస తిరగబడి ఉంటుంది. మన పులి-మేక సంగతి ఇంకా ఘాటు. 3 పులులు, 15 మేకలు. అటూ ఇటూ బొత్తిగా పోలిక లేదు, అయినా ఆట నిలబడుతుంది. పులి దూకి తింటుంది, మేక తినలేదు గానీ గుంపుగా చేరి దారి మూస్తుంది.

మా అక్క కొడుకు, ఇంజనీరింగ్ పిల్లవాడు, దోస్తులతో బల్ల చుట్టూ కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాడు. ఒకడు సిపాయి, ఒకడు జాదూగర్, ఒకడు దొంగ. అంతా కలిసి ఒక కథ నడుపుతారు. "ఖాలా, జాదూగర్ ముందు ఒక్క దెబ్బకే పోతాడు, తర్వాత వాడొక్కడే అన్నీ చేసేస్తాడు, సిపాయికి పనే ఉండదు" అని వాడి ఫిర్యాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆ ఆట తెచ్చిన నాటి నుంచీ ఉన్న ఝగడా ఇది. వాళ్లు తవాజున్ చూడలేదని కాదు. రెండో మెట్టు ఎక్కడానికి సిపాయికి 2000 పాయింట్లు చాలు, జాదూగర్‌కి 2500 కావాలి. 1978 నియమాల్లో సిపాయి ప్రాణానికి పది ముఖాల పాచిక, జాదూగర్‌కి నాలుగు ముఖాలదే. అంటే ఇవాళ కష్టపడు, రేపు సుఖపడు అన్న లెక్క. కానీ రేపటి దాకా ఆట సాగకపోతే జాదూగర్‌కి అన్యాయం, సాగితే సిపాయికి. 2008లో నాలుగో ఎడిషన్ తెచ్చినవాళ్లు అందరికీ దాదాపు ఒకే సాంచాలో బలాలు పోశారు. బరాబర్ అయింది, కానీ సిపాయి, జాదూగర్ ఒకేలా ఉన్నారని చాలామంది మొహం చిట్లించారు. 2014లో మళ్లీ సాంచా మార్చాల్సి వచ్చింది.

వాడికి గంజీఫా చూపించింది అందుకే. ఇన్సాఫ్‌ని రేపటికి వాయిదా వేయలేదు, మనుషుల్ని ఒకే అచ్చులో పోయనూ లేదు. రంగు మారగానే, అదే క్షణంలో, వరుస మారుతుంది.

పాచికల మాట వచ్చింది గనక ఒక సంగతి. పైసలు పెట్టి ఆడేది మైసిర్, అందులో బహస్ లేదు. నర్ద్ ఆట గురించి సహీ ముస్లింలో గట్టి హదీస్ ఉంది. శత్రంజ్‌ని ఇమాం షాఫియీ మక్రూహ్ అన్నారు, హరాం అనలేదు. పిల్లలు పాచికలు ముందేసుకుంటే ఇంట్లో సవాల్ రావడం సహజం, దాన్ని మీ ఆలింని అడగండి, నన్ను కాదు. అరబ్ చరిత్రకారుడు మసూదీ మాత్రం ఒక ముచ్చట రాశాడు: నర్ద్‌లో తఖ్దీర్ కనిపిస్తుంది, శత్రంజ్‌లో మనిషి ఇఖ్తియార్ కనిపిస్తుంది అని. గంజీఫా ఆ రెంటి నడుమ కూర్చుంది. పేకలు పడడం తఖ్దీర్, దించడం తద్బీర్.

ఇప్పుడు పర్లాకిమిడి పేకలు ఎక్కువగా అద్దాల ఫ్రేముల్లోకే పోతున్నాయి. మా వాడు, దోస్తులు చార్టు కాగితంతో 96 చక్రాలు కోసుకున్నారు. ఖాయిదా ప్రకారం పగలు ఆడితే సుర్ఖ్ మీర్, అంటే సూర్యుడు, ఎవరి దగ్గరుంటే వాళ్లు మొదలెట్టాలి. రాత్రయితే సఫేద్ మీర్, చంద్రుడు. వీళ్లు ఎప్పుడూ ఇషా తర్వాతే కూర్చుంటారు కాబట్టి సూర్యుడికి ఇంకా వంతు రాలేదు.