హెచ్‌ఐవీ విస్తృత తటస్థీకరణ యాంటీబాడీలు

హెచ్‌ఐవీ సోకినవారిలో కొందరి శరీరం తయారుచేసుకునే అరుదైన యాంటీబాడీలివి. మామూలు యాంటీబాడీ ఒంట్లో ఉన్న వైరస్ రకాన్నో, దానికి దగ్గరి రకాలనో అడ్డుకుంటుంది. ఇవి వేర్వేరు ఖండాల్లో తిరిగే రకాలను కూడా కణంలోకి చొరబడనివ్వవు. అయితే వైరస్ సోకిన రెండు మూడేళ్లకు గానీ రూపుదిద్దుకోవు.

వైరస్ 1983లో బయటపడింది. మరుసటి ఏడాది అమెరికా ఆరోగ్య మంత్రి మార్గరెట్ హెక్లర్ రెండేళ్లలో టీకా పరీక్షలకు సిద్ధమవుతుందన్నారు. ఆ ధీమా నిలవలేదు. వైరస్ పైనుండే జీపీ120 ప్రొటీన్ చక్కెర అణువులను కప్పుకుని, ఎడతెగక రూపు మార్చుకుంటుంది. 1990ల్లో కాలిఫోర్నియాలో డెన్నిస్ బర్టన్ బృందం ఒక రోగి ఎముక మజ్జ నుంచి బి12 అనే విస్తృత యాంటీబాడీని, వియన్నాలో హెర్మాన్ కాటింగర్ బృందం 2జీ12, 2ఎఫ్5లను వెలికితీశాయి. చాలాకాలం పరిశోధకుల చేతిలో ఉన్నవి ఇలాంటి నాలుగైదే.

2009లో దారి తెరుచుకుంది. అంతర్జాతీయ ఎయిడ్స్ టీకా సంస్థ అయావి సుమారు 1,800 మంది రక్తాన్ని జల్లెడ పట్టగా, ఒక ఆఫ్రికా దాత నుంచి పీజీ9, పీజీ16 దొరికాయి. 2010లో అమెరికా ప్రభుత్వ టీకా పరిశోధన కేంద్రం ప్రకటించిన వీఆర్‌సీ01 పరీక్షించిన రకాల్లో దాదాపు 90 శాతాన్ని అడ్డుకుంది. వైరస్ కణాన్ని పట్టుకునే చోటనే ఇది అతుక్కుంటుంది. ఆ చోటును ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటే వైరస్‌కు కణమే దొరకదు. దీని బలమంతా అక్కడుంది.

ఇవి ఎలా పుడతాయో 2013లో తేలింది. ఒక ఆఫ్రికా వ్యక్తి రక్తాన్ని వైరస్ సోకిన తొలి వారాల నుంచి ఏళ్ల తరబడి పరిశీలించారు. వైరస్ మారిన కొద్దీ యాంటీబాడీ కూడా మారుతూ వెంటపడుతుంది. ఆ తరుములాటలోనే దాని పరిధి పెరుగుతుంది. విచిత్రమేమంటే, తయారుచేసుకున్న మనిషికి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. వారి ఒంట్లోని వైరస్ అప్పటికే తప్పించుకుని ఉంటుంది. కాబట్టి వారు వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు మానకూడదు.

ఇలాంటి దాతలు భారత్‌లోనూ ఉన్నారు. ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు ఒక చిన్నారి రక్తం నుంచి ఇటువంటి యాంటీబాడీని వేరుచేశారు.

వీఆర్‌సీ01ను ఎనిమిది వారాలకోసారి నరం ద్వారా ఎక్కించిన ప్రయోగాల ఫలితాలు 2021లో వచ్చాయి. 4,600 మందికి పైగా పాల్గొన్నారు. మొత్తం మీద సంక్రమణ ఆగలేదు. ఆ యాంటీబాడీకి బాగా లొంగే రకాల విషయంలో మాత్రం సుమారు 75 శాతం రక్షణ కనిపించింది. ఒక్కటే చాలదని తేలి, రెండు మూడు కలిపి ఇచ్చే ప్రయోగాలకు ప్రాధాన్యం పెరిగింది. టీకా వైపు, 2022లో వెలువడిన ఒక తొలి దశ ప్రయోగంలో టీకా తీసుకున్న 36 మందిలో 35 మందికి వీఆర్‌సీ01 తరహా యాంటీబాడీలకు మూలమైన కణాలు స్పందించాయి. అది మొదటి మెట్టే. ఆ కణాలను పూర్తిస్థాయి విస్తృత యాంటీబాడీల దాకా నడిపించే మలి మోతాదుల కోసం పరిశోధన సాగుతోంది.