చిన్నపిల్లలలో మొలస్కం కంటాజియోసం: పాటించవలసిన జాగ్రత్తలు

గుంటూరు జిల్లాలోని తెనాలి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె పట్టణాలు కృష్ణా పశ్చిమ డెల్టాకు చెందినవి. ఇటువంటి వేడి, తేమ గల ప్రాంతాలలో మొలస్కం కంటాజియోసం అనే చర్మవ్యాధి ఎక్కువగా కనిపిస్తుంది. ముఖ్యంగా 1 నుండి 10 సంవత్సరాల లోపు పిల్లలకు ఇది సోకుతుంది.

ఈ వ్యాధికి కారణం మశూచి కుటుంబానికి చెందిన వైరస్. అయితే ఇది మశూచి కాదు, ఆటలమ్మ కాదు, పులిపిర్లు కూడా కావు. జ్వరం రాదు. 2 నుండి 5 మిల్లీమీటర్ల పరిమాణంలో, నడుమ చిన్న గుంటతో, ముత్యాల వంటి నున్నని పొక్కులు ఏర్పడతాయి. వైరస్ సోకిన 2 వారాల నుండి 6 నెలలలోగా ఇవి బయటపడతాయి.

చర్మ స్పర్శ వలన, తువ్వాళ్ళు, దుస్తులు, ఆటవస్తువుల ద్వారా వ్యాధి వ్యాపిస్తుంది. పొక్కులను గిల్లినా, గోకినా అవి శరీరంలోని ఇతర భాగాలకు పాకుతాయి. సూదితో గుచ్చడం, సున్నం పెట్టడం వంటి సొంత వైద్యం చేయరాదు. దాని వలన చీము పట్టి మచ్చలు మిగిలే ప్రమాదం ఉంది.

సాధారణంగా 6 నుండి 12 నెలలలో వ్యాధి దానంతటదే తగ్గుతుంది. కొందరిలో మరింత కాలం పట్టవచ్చును. పొక్కులను దుస్తులతో గాని, కట్టుతో గాని కప్పి ఉంచినచో పిల్లలను బడి మాన్పించవలసిన అవసరం లేదు. తువ్వాలు విడిగా వాడవలెను. కనురెప్పలపై పొక్కులు వచ్చినా, ఎర్రబడి చీము పట్టినా వెంటనే వైద్యుని సంప్రదించవలెను.