ఇసకవాగులో మందులు, ఓజోన్ మార్గం

జూబ్లీ హిల్స్‌కు వాయవ్యంగా, ముంబై రహదారి మీద ఉన్న పటాన్‌చెరు హైదరాబాద్ మందుల పరిశ్రమకు పాత కేంద్రం. 1960లలో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ నెలకొన్నాక, అక్కడ పని నేర్చినవారెందరో సొంత కంపెనీలు పెట్టారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థజలం ఇసకవాగులోకి, నక్కవాగు మీదుగా మంజీరలోకి చేరింది. చెరువులూ బావులూ చెడి రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిపై స్వీడన్ పరిశోధకుల ఫలితాలు 2007లో వెలువడ్డాయి. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. పశువులకు, కోళ్లకు వాడే ఎన్రోఫ్లాక్సాసిన్ దాదాపు 0.9 మిల్లీగ్రాములు. శుద్ధి చేశాక మిగిలినదే ఇంత!

బాక్టీరియాను చంపే మందును బాక్టీరియాతోనే తినిపించాలనుకునే మామూలు శుద్ధి ఇక్కడ చాలదు. ఫ్రాన్స్‌లోని నీస్ నగరం 1906 నుంచే తాగునీటికి వాడిన ఓజోన్ మరో దారి. ఆక్సిజన్‌లో విద్యుత్తు పంపి అక్కడికక్కడే తయారుచేసే ఈ వాయువు ఎన్రోఫ్లాక్సాసిన్ అణువులోని పైపరజీన్ వలయాన్ని విరుస్తుంది. ఇతర మలినాలు ఎక్కువుంటే ఓజోన్ వాటికే ఖర్చయిపోతుంది. అందుకే దాన్ని చివరి దశలో వాడాలి. వాగులో కలిశాక మందును వెనక్కి తీయలేం గనుక, ఈ పని ఫ్యాక్టరీ గేటు లోపలే జరగాలి.