కోరంగి రేవు - మారిషసు దీవి



మన పెద్దాపురమునకు దక్షిణముగా, గౌతమి సముద్రమును గలియు ప్రాంతమున కోరంగి యున్నది. నేడు పూడిపోయిన యా రేవునుండియే 1843లో తెలుగు కూలీలు మారిషసునకు ఓడ యెక్కిరి. అచ్చట తెలుగువారికి 'కోరంగీలు' అను పేరు నిలిచినది.

1810లో ఆంగ్లేయులు ఫ్రెంచివారినుండి గెలిచిన యా దీవిలో 1835లో బానిసత్వము రద్దయినది. చెఱకు తోటలకు పనివారు కావలసి వచ్చిరి. ఎక్కడనో లండనులో నున్న ప్రభుత్వము ఆ దీవిని ఫిరంగులకంటె కాగితములతోనే యెక్కువగా నేలినది. కూలివాడు ఒడంబడికపై నిశానీ వేయవలెను. జీతము నెలకు ఐదు రూపాయలు. ఒక దినము పనికి రానిచో రెండు దినముల కూలి కోత. గడువు తీరినవాడును, 1867 నాటి చట్టము ననుసరించి, తన ఛాయాపటముగల చీటిని వెంట నుంచుకొనవలెను. అది లేక బాటలో గనబడిన ఖైదే. వలసవారికి 'రక్షకుడు' అను అధికారి లేకపోలేదు. కాని యాతని నియమించినదియు, ఆ చట్టమును జేసినదియు నొక్క ప్రభుత్వమే!

ఆ పాలనను ప్రశ్నించినదియు కాగితమే. 1871లో 9,401 మంది వలసవారు అర్జీ పెట్టుకొనిరి. మఱుసటి యేడు విచారణ సంఘము వచ్చినది. వారి మొఱ చాలవఱకు నిజమని 1875లో తేలినది.

1968లో దీవి స్వతంత్రమైనది. నాడు మనుష్యులను గట్టివేసిన యా పత్రములు నేడు మోకా పట్టణమున మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. మునిమనుమలు వానిలో తమ తాతల యూరిపేరు వెదకికొనుచున్నారు. ఓడ యెక్కి తిరిగిరాని పూర్వుల మాట మీ యిండ్ల నెవరైన జెప్పియుండినచో, దానిని పిల్లలకు జెప్పుడు. ఆ యూరిపేరు మన యూరిదే కావచ్చును.