నూటతొమ్మిదో గడి

1982 ఆగస్టు 29న జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో, జీఎస్ఐ అనే పరిశోధన సంస్థలో ఒక పరమాణువు పుట్టింది. ఒకటంటే ఒక్కటే. బిస్మత్ మీదికి ఇనుము కేంద్రకాలను రోజుల తరబడి వదిలితే, లెక్కలేనన్ని గుద్దుళ్లలో ఒక్కసారి ఆ రెండూ అతుక్కున్నాయి. 109 ప్రోటాన్లు, 157 న్యూట్రాన్లు. అయిదు మిల్లీసెకన్లు బతికి, ఒక ఆల్ఫా కణాన్ని వదిలి, మరో మూలకమైపోయింది. పీటర్ ఆర్మ్‌బ్రస్టర్, గాట్‌ఫ్రీడ్ మ్యూంజెన్‌బెర్గ్‌ల బృందం అది పోతూ వదిలిన ఆనవాళ్లను పట్టుకుని, కొత్త మూలకం దొరికిందని చెప్పింది.

నేను రసాయనశాస్త్రం పాఠాలు చెప్పిన కాలేజీలో గోడ మీది ఆవర్తన పట్టికలో ఆ గడిలో చాలాకాలం 'అన్నిలెన్నియం' అని ఉండేది. ఒకటి, సున్నా, తొమ్మిది అని అంకెలు చదవడమే తప్ప అది పేరు కాదు. 1997లో 'మైట్నీరియం' అన్న పేరు ఖరారయింది. లీజా మైట్నర్ జ్ఞాపకార్థం. క్యూరియంలో మేరీ పక్కన పియరీ కూడా ఉన్నాడు. పురాణ దేవతల సంగతి వదిలేస్తే, ఒక్క స్త్రీ పేరు మీదే ఉన్న మూలకం ఇదొక్కటే.

దీనికి ఇప్పటికి నిర్ధారణ అయిన ఐసోటోపులు ఎనిమిది. 266, 268, 270, తర్వాత 274 నుంచి 278 దాకా. మొదటిదాన్ని నేరుగా తయారుచేశారు. తక్కినవన్నీ ఇంకా బరువైన మూలకాలు విరిగిపోతుంటే మధ్యలో కనబడినవే. 270 జపాన్‌లో నిహోనియం నుంచి దిగివచ్చింది, 278 రష్యాలోని దుబ్నాలో 2010లో ప్రకటించిన టెన్నెస్సీన్ నుంచి. వీటిలో ఎక్కువ కాలం నిలిచేది ఈ 278వదే. దాని అర్ధాయువు కొద్ది సెకన్లు. భౌతికశాస్త్రంలో ఇలా మిగిలే కేంద్రకాన్ని 'కూతురు' అంటారు. కొడుకులకు వారసత్వం లేని చోటు నాకు తెలిసి ఇదొక్కటే!

అసలు 'ఐసోటోప్' అన్న మాటే ఒక రచయిత్రి ఇచ్చింది. 1913లో గ్లాస్గోలో ఫ్రెడరిక్ సాడీ తన అత్తవారింట్లో భోజనాల దగ్గర తన చిక్కు చెప్పుకున్నాడు. బరువులు వేరు, రసాయన గుణం ఒక్కటే, పట్టికలో కూర్చునే గడీ ఒక్కటే. వీటిని ఏమనాలి? అక్కడున్న డాక్టర్ మార్గరెట్ టాడ్ గ్రీకులోంచి రెండు మాటలు తీసి కలిపింది. 'అదే చోటు' అని అర్థం. మన తెలుగు పుస్తకాల్లో సమస్థానీయాలు అయ్యింది అదే. టాడ్ వైద్యవిద్య చదువుకునే అమ్మాయి మీద 1892లో నవల రాసింది, గ్రాహం ట్రావర్స్ అనే మగపేరుతో. శాస్త్రానికి 'చోటు' అన్న మాటనిచ్చిన మనిషి తన నవల అట్ట మీద తన పేరుకు చోటివ్వలేకపోయింది. సాడీకి 1921 సంవత్సరపు నోబెల్ వచ్చింది. టాడ్ 1918లోనే చనిపోయింది.

మైట్నర్ జీవితమంతా కూడా ఈ చోటు గొడవే. 1878లో వియన్నాలో పుట్టి, 1906లో అక్కడే డాక్టరేట్ తీసుకుని, మరుసటి ఏడు బెర్లిన్ వచ్చింది. ఎమిల్ ఫిషర్ ఇన్‌స్టిట్యూట్‌లోకి ఆడవాళ్లను రానిచ్చేవారు కాదు. కింద వడ్రంగి పనికి వాడుకున్న గదిలో, వేరే గుమ్మంలోంచి వచ్చి పని చేసుకోవచ్చన్నారు. మరుగుదొడ్డి కోసం వీధిలోని హోటల్‌కి వెళ్లేది. పైన ఓటో హాన్ తిరిగే ప్రయోగశాలలు ఆమెకు నిషిద్ధం. ఇదంతా 1909లో మారింది. 1918లో ప్రకటించిన ప్రొటాక్టీనియం పరిశోధనలో, హాన్ యుద్ధంలో ఉంటే, అధికభాగం పని చేసింది ఆమె. పత్రం మీద ముందున్న పేరు హాన్‌ది. అప్పుడు వాళ్లు గుర్తించిన ఐసోటోపు అర్ధాయువు ముప్పైరెండు వేల ఏళ్ల పైమాటే.

1934 నుంచి మైట్నర్, హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టి, దానికంటే బరువైన మూలకాలు దొరికాయనుకుంటూ వచ్చారు. కేంద్రకం ముక్కలవుతోందేమో చూడండని అదే ఏడు ఈడా నొడాక్ రాసింది. ఆమె మాటను ఎవరూ ఖాతరు చేయలేదు. ఆ పట్టించుకోని వాళ్లలో మైట్నర్ కూడా ఉంది. స్త్రీ కాబట్టి మరో స్త్రీ మాట వింటుందని అనుకోవడం మన ఆశే తప్ప చరిత్ర కాదు.

1938 జులై 13న, యూదు పుట్టుక కారణంగా, దాదాపు అరవై ఏళ్ల వయసులో ఆమె జర్మనీ దాటి పారిపోయింది. అవసరమొస్తే కాపలావాళ్లకి ఇవ్వమని హాన్ తన తల్లి వజ్రపుటుంగరం ఇచ్చాడు. డిసెంబరులో యురేనియంలోంచి బేరియం వస్తోందని అతనే ఉత్తరం రాశాడు, దీనికి అర్థమేమిటని. స్వీడన్‌లోని కుంగెల్వ్‌లో మంచులో నడుస్తూ, మేనల్లుడు ఓటో ఫ్రిష్‌తో కలిసి ఆమె లెక్క కట్టింది. కేంద్రకం రెండుగా చీలింది, ప్రోటాన్ బరువులో అయిదో వంతు శక్తిగా మారింది, అది 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. బరువైన మూలకాలనుకున్నవి చాలావరకు ఆ చీలిన ముక్కలే.

1945లో ప్రకటించిన 1944 రసాయన నోబెల్ హాన్ ఒక్కడికే. ఆమెను నలభైసార్లకు పైగా ప్రతిపాదించారు, ఒక్కసారీ రాలేదు. మ్యూనిక్ మ్యూజియంలో ఆ ప్రయోగ పరికరాలున్న బల్ల ఏళ్ల తరబడి ఓటో హాన్ పనిబల్లగానే ఉంది. రూత్ లూయిన్ సైమ్ 1996లో రాసిన జీవితచరిత్ర వంటివి వచ్చాకే ఈ లెక్క తిరగబడింది. హాన్ పేరు మీద 'హానియం' అని 105కి, తర్వాత 108కి ప్రతిపాదించారు. 1997లో రెండూ పోయాయి. అది చదివి నేను సంతోషించాను, దాచుకోవడమెందుకు.

కానీ మైట్నర్‌ని పాపం అనడం నాకు నచ్చదు. బాంబు పనిలో చేరమని పిలిస్తే ఆమె రానంది. 1945 జూన్‌లో హాన్‌కి రాసిన ఉత్తరంలో, మీరంతా నాజీ జర్మనీకి పనిచేశారు, ఎదురు చెప్పే ప్రయత్నమైనా చేయలేదు, అక్కడొకరికి ఇక్కడొకరికి సాయపడి మనస్సాక్షిని సమాధానపరచుకున్నారు అని అడిగింది. 1933లోనే తాను వెళ్లిపోకపోవడం పెద్ద నైతిక తప్పని తర్వాత తనకూ చెప్పుకుంది. నోబెల్ రాని కథ కంటే ఈ ఉత్తరాన్నే నేను క్లాసులో ఎక్కువసేపు చెప్పేదాన్ని. హాన్‌కి అది చేరనేలేదు.