తుఫానుకి పడవని ఎలా దాచేవాళ్లు? మోటుపల్లి నుంచి మన ఉప్పుటేరు దాకా

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా. అంతకు రెండు రోజుల ముందు నుంచే మన చుట్టుపక్కల అందరూ ఏరియేటర్లు, మోటార్లు, మేత బస్తాలు సర్దుకుంటున్నారు. చెరువులో తిరిగే మేత పడవ సంగతి మాత్రం చాలామందికి చివర్లోగానీ గుర్తు రాలేదు. అప్పటి నుంచి ఈ విషయం నా బుర్రలో తిరుగుతోంది. మన పెద్దలు, సముద్రం మీద బతికిన వాళ్లు గాలివాన వచ్చే ముందు పడవల్ని ఏం చేసేవాళ్లు? చదివిందీ, తెలిసిన వాళ్లని అడిగి తెలుసుకున్నదీ కలిపి రాస్తున్నాను. పోస్టు కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు మోటుపల్లి సంగతి చెప్పాలి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊరు కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244లో గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. అభయశాసనం అంటారు దాన్ని. అందులోని సంగతి ఇది: అంతకు ముందు రాజులు తుఫానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవాళ్లు. అంటే గాలి సగం తీసుకుంటే రాజు మిగతాది తీసుకునేవాడన్నమాట. గణపతిదేవుడు ఆ పద్ధతి ఆపేసి, ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని రాతి మీద రాయించాడు. దయతో చేశాడో, రేవుకి వ్యాపారం పెరగాలని చేశాడో మీరే అనుకోండి. రెండూ ఉంటాయని నా ఉద్దేశం. పడవ పోతే ఆ నష్టం ఎవరిది అన్న ప్రశ్న మాత్రం 780 ఏళ్ల కిందటే మన తీరంలో రాజు దాకా వెళ్లింది.

ఇక పడవల సంగతికొద్దాం. మన తీరంలో పాతది తెప్ప. నాలుగైదు దుంగల్ని తాళ్లతో కలిపి కట్టేదే. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగల్ని ఇసుకలో విడివిడిగా ఆరబెట్టేవాళ్లు. తడి ఆరకపోతే బరువెక్కి నీళ్లలో లేవదని అలా చేసేవాళ్లు. తుఫానుకి కూడా అదే పనికొచ్చేది. కట్లు విప్పేసి ఒక్కో దుంగని ఊళ్లోకి మోసుకుపోతే గాలికి దొరకడానికి అక్కడ పడవంటూ ఉండదు! రెండోది కుట్టుపడవ. దాంట్లో మేకులుండవు, పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్లు. అలలు కొడితే పగలకుండా వంగేది. ఒడ్డుకి దూరంగా ఆగిన ఓడల నుంచి సరుకు దించడానికి ఇంగ్లీషు వాళ్లు వాటినే వాడారు. వాళ్లు దాన్ని మసూలా పడవ అన్నారు. ఆ పేరు మచిలీపట్నం నుంచే వచ్చిందని కొందరు అంటారు.

మన కొల్లేరులో తాటి దోనె. తాటి మానుని తొలిచి చేసేది. రెండు దోనెలు పక్కపక్కన కలిపి కడితే అది సంగడి. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఒక గ్రీకు నావికుడు రాసిన పుస్తకంలో మన తూర్పు తీరపు పడవల్ని 'సంగర' అన్నాడు. ఒంటి మాను దుంగల్ని కలిపి కట్టిన పెద్ద పడవలని చెప్పాడు. మన సంగడి, అతని సంగర ఒకటే మాట అయి ఉండొచ్చని పండితులు అంటారు. గాలివాన సూచన కనపడితే దోనెని నీళ్లతో నింపి లోతు తక్కువ చోట ముంచేసి, గెడ పాతి దానికి కట్టేసేవాళ్లని మా వైపు ముసలివాళ్లు చెబుతారు. నీళ్లలో మునిగి ఉన్న దాన్ని గాలి ఏం చేస్తుంది? పైగా చెక్క ఎండి పగలదు కూడా. రెండు రోజులు పోయాక నీళ్లు తోడేస్తే దోనె మళ్లీ సిద్ధం.

చిన్న పడవకి ఇవన్నీ సరిపోతాయి. పెద్ద ఓడల రేవులకి సరిపోలేదు. కోరంగి పేరు విన్నారు కదా, కాకినాడ పక్కన. ఓడలు కట్టే ఊరు అది. అక్కడి రేవు మీదుగా బర్మా వెళ్లిన మన తెలుగువాళ్లందరినీ అక్కడ కోరంగీలనే పిలిచేవాళ్లు. 1789 డిసెంబరులో ఆ ఊరి మీద మూడు పెద్ద అలలు వరుసగా విరుచుకుపడ్డాయి. లంగరేసి ఉన్న ఓడల్ని మొదటి అలే ఒడ్డుకి ఈడ్చేసింది. సుమారు 20,000 మంది పోయారంటారు. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ అనే మాజీ ఓడ కెప్టెన్ ఇలాంటి తుఫానుల వివరాలన్నీ పోగేసి, గాలి పాములా చుట్ట చుట్టుకుని తిరుగుతుందని 1840ల్లో దానికి సైక్లోన్ అని పేరు పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మన కోరంగి కూడా ఉంది. 1839లో కోరంగి మీద మళ్లీ ఉప్పెన వచ్చింది. అప్పుడు మూడు లక్షల మంది పోయారని, 20,000 పడవలు పోయాయని చాలాచోట్ల రాస్తారు. నాకైతే ఆ లెక్క నమ్మబుద్ధి కాదు. ఆ రోజుల్లో ఒక్క రేవులో అన్ని పడవలా! ఊరు మళ్లీ కోలుకోలేదన్నది మాత్రం నిజం.

1864 నవంబరు 1న మన బందరు వంతు వచ్చింది. రాత్రిపూట ఉప్పెన. సుమారు 30,000 మంది పోయారు. అంతకు నెల ముందే అక్టోబరు 5న కలకత్తా మీద అలాంటిదే ఇంకోటి పడింది. ఈ రెండు దెబ్బలతో దొరలకి కళ్లు తెరుచుకున్నాయి. 1865లో కలకత్తా రేవులో తుఫాను హెచ్చరిక పద్ధతి మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. ఇప్పుడు టీవీలో "మచిలీపట్నంలో ఫలానా నంబరు ప్రమాద సూచిక" అని చెబుతారే, దాని మూలం అక్కడే. ఒకటి, రెండు నంబర్లంటే తుఫాను ఇంకా దూరంగా ఉంది. మూడు, నాలుగు అంటే రేవుకే ముప్పు రావొచ్చు. ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని. ఆ నంబర్లు అసలు పెట్టింది ఓడల కోసం, పడవల కోసం. మనం పొలం పనికి వాడుకుంటున్నాం.

హెచ్చరిక ఉన్నా పడవ దగ్గరికి చేరాలి కదా. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అయిదు మీటర్ల ఎత్తు నీరు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్లకి ఊళ్లే పోయాయి. ప్రభుత్వ లెక్కలోనే పదివేల దాకా ప్రాణాలు. 1990 మే నెలలో మళ్లీ కృష్ణా మొగ దగ్గరే పెద్ద తుఫాను తీరం దాటింది. ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు, చనిపోయింది 967 మంది. అదే 1996 నవంబరు 6 కోనసీమ తుఫానులో చూడండి, భైరవపాలెం వైపు వేటకి వెళ్లిన వాళ్లు ఎంతోమంది తిరిగి రాలేదు. ఒడ్డున ఉన్న వాడికి కబురు చేరింది, సముద్రంలో ఉన్న పడవకి చేరలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పడవ మీద అప్పుంటుంది. షెల్టరుకి రమ్మంటే జనం కదలకపోవడానికి అదొక పెద్ద కారణం. మొండితనం అని తేలిగ్గా అనేస్తాం. చెరువు గట్టు వదిలి రమ్మంటే మనం వస్తామా? ఉదయాన్నే పడవని భద్రం చేసుకున్నవాడే సాయంత్రం ధైర్యంగా ఊరొదిలి వెళ్తాడు.

ఇప్పుడు వాడేది ఫైబర్ తెప్ప. తేలిక కాబట్టి గాలికి అట్టముక్కలా ఎగురుతుంది. అందుకని ఇంజను, వలలు తీసి ఇంటికి చేర్చి, తెప్పని ఆటు పోటు గీత దాటించి పైకి లాగి, లోపల ఇసుకో నీళ్లో నింపి, రెండు వైపులా కట్టాలి. గిలకలదిండి లాంటి చోట పెద్ద బోట్లని పాయ లోపలికి తీసుకొచ్చి, మధ్యలో పాత టైర్లు వేలాడదీసి, ముందూ వెనకా లంగర్లు వేస్తారు. మోకు బిగించి కట్టకూడదు. నీరు మూడు మీటర్లు లేచిందంటే పొట్టి తాడు అయితే తెగుతుంది, లేదా పడవ ముక్కుని నీళ్లలోకి లాగేస్తుంది. నీటితో పాటు లేచేంత వదులు ఉంచాలి.

మనకి దీంతో పాటు ఇంకో చిక్కు కూడా ఉంది. సముద్రం ఊళ్లకి గాలి ఆగితే గండం గడిచినట్టే. కొల్లేరుకి అలా కాదు. పైన కురిసిన వాన బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మీదుగా వచ్చి చేరేది తర్వాత. బయటికి దారి అరవై కిలోమీటర్ల ఉప్పుటేరు ఒక్కటే. సముద్రం పోటు మీద ఉంటే అదీ సరిగా లాగదు. అంటే గాలి తగ్గి రెండు మూడు రోజులయ్యాక నీరు పెరుగుతుంది. గట్టు మీద బోర్లించి వదిలేసిన మేత పడవ అప్పుడు కొట్టుకుపోతుంది. పోతే పోయిందిలే అనుకోవద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు మేడల మీద చిక్కుకున్న వాళ్లకి అన్నం, నీళ్లు అందించి బయటికి తెచ్చినవి పడవలే. మత్స్యకారుల పడవల్ని కూడా అక్కడికి తరలించారు. మన లంక గ్రామాలకి రోడ్డు మునిగితే ఉండే దారీ పడవే.

కాబట్టి బోర్లించిన పడవని కూడా గట్టు కింద మేకుకి కాదు, చెట్టుకి పొడుగు తాడుతో కట్టండి. గెడ, తెడ్డు ఇంట్లో పెట్టుకోండి. నవంబరు, డిసెంబరు నెలల్ని మరవొద్దు. 2023లో మిచౌంగ్ వచ్చింది డిసెంబరు 5న, గుర్తుంది కదా. మీ ఊళ్లో ఎవరింట్లో అయినా పాత తాటి దోనె గానీ సంగడి గానీ ఇంకా ఉంటే ఫోటో తీసి పంపండి. దాన్ని ఎలా తొలిచేవాళ్లో తెలిసిన పెద్దవాళ్లుంటే ఊరి పేరు చెప్పండి, వచ్చి కలుస్తాను.