ఇంటి సామాను తరలింపు: అంచనా ధరలో గమనించవలసిన అంశాలు

ఉద్యోగ బదిలీలు, పిల్లల చదువులు, పదవీ విరమణ వంటి కారణాలతో ఊరు మారే కుటుంబాలు ప్యాకర్స్ అండ్ మూవర్స్ సంస్థలను ఆశ్రయించడం సర్వసాధారణమైంది. ఫోనులో చెప్పిన ధర ఒకటి, సామాను దించే వేళ అడిగే సొమ్ము మరొకటి కావడం ఈ రంగంలో తరచుగా వినవచ్చే ఫిర్యాదు. అప్పటికి ఇంటి సామాను యావత్తూ లారీలో ఉంటుంది కనుక అడిగినంత చెల్లించక తప్పని పరిస్థితి ఏర్పడుతుంది. అంచనా ధర దేనిపై ఆధారపడి ఉన్నదో ముందుగా తెలుసుకుంటే ఈ ఇబ్బందిని చాలావరకు నివారించవచ్చు.

జాబితాయే ఆధారం

సామాను చూడకుండా చెప్పిన ధరకు విలువ లేదు. సంస్థ ప్రతినిధి ఇంటికి వచ్చి గాని, వీడియో కాల్ ద్వారా గాని ప్రతి గదిని పరిశీలించి జాబితా తయారు చేయాలి. అటక మీది పాత్రలు, బాల్కనీలోని పూలకుండీలు, ద్విచక్ర వాహనం అందులో చేరాయో లేదో చూసుకోవాలి. జాబితాలో లేని ప్రతి వస్తువూ చివరి రోజున అదనపు చార్జీకి కారణం కాగలదు. కనీసం మూడు సంస్థలకు ఒకే జాబితా ఇచ్చి, లిఖితపూర్వకమైన కొటేషన్లు తీసుకోవడం మంచిది.

మొత్తం కాదు, పద్దులు పోల్చాలి

కొటేషన్‌లో ప్యాకింగ్ సామగ్రి, ఎక్కింపు, దింపుడు కూలి, లారీ కిరాయి, టోల్, మంచాలు, బీరువాలు విప్పి బిగించే ఖర్చు, ఏసీ తొలగింపు, జీఎస్టీ విడివిడిగా ఉండాలి. ఉదాహరణకు ఒక సంస్థ 18,000 రూపాయలు, మరొక సంస్థ అన్నీ కలిపి 23,500 రూపాయలు చెప్పాయనుకుందాం. మొదటి సంస్థ అట్టపెట్టెలకు 3,000, లిఫ్టు లేని మూడో అంతస్తుకు మోసినందుకు 2,500, మంచాలు బిగించినందుకు 1,500 అదనంగా తీసుకుంటే, పన్ను లెక్కించక ముందే మొత్తం 25,000 అవుతుంది. చవకగా కనిపించినదే ఖరీదైనదని అప్పుడు తెలుస్తుంది.

లారీ మొత్తం ఒక్క కుటుంబానికేనా, ఇతరుల సామానుతో కలిపి పంపుతారా అన్నది కూడా కొటేషన్‌లో రాయించుకోవాలి. కలిపి పంపితే కిరాయి తగ్గుతుంది గాని, సామాను చేరడానికి ఎక్కువ రోజులు పట్టవచ్చు, దారిలో లారీ మార్చవచ్చు. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి రావడంతో ఆక్ట్రాయ్ రద్దయింది. ఆ పేరుతో ఏ మొత్తం అడిగినా చెల్లించనవసరం లేదు. వాడిన గృహోపకరణాలకు, వ్యక్తిగత సామానుకు ఈ-వే బిల్లు కూడా అవసరం లేదు.

నష్టపరిహారానికి పరిమితి

1865 నాటి క్యారియర్ల చట్టం స్థానంలో వచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007, 2011 మార్చి 1 నుంచి అమలులో ఉంది. దీని నియమావళి ప్రకారం సామాను పోయినా, పాడైనా రవాణాదారు బాధ్యత సాధారణంగా రవాణా చార్జీకి పది రెట్లకు పరిమితం. అది ఫార్వర్డింగ్ నోట్‌లో ప్రకటించిన విలువను మించదు. కిరాయి 12,000 రూపాయలైతే పరిమితి 1,20,000 రూపాయలు. ఖర్చు తగ్గుతుందని సామాను విలువ తక్కువగా రాస్తే పరిహారమూ ఆ మేరకే ఉంటుంది. విలువైన సామానుకు అధిక రిస్కు రేటు చెల్లించి, అధిక బాధ్యతను లిఖితపూర్వకంగా కోరవచ్చు.

కొటేషన్‌లో ‘ఇన్సూరెన్స్’ అని ఉన్నంత మాత్రాన బీమా చేసినట్లు కాదు. బీమా కంపెనీ జారీ చేసిన పాలసీ ప్రతిని అడిగి తీసుకోవాలి. పాలసీ లేకుండా సామాను విలువలో కొంత శాతం వసూలు చేస్తే, ఆ మొత్తం దేనికో, నష్టం జరిగితే ఎవరు చెల్లిస్తారో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

వివాదం ఏర్పడితే

ఒప్పందంలో లేని సొమ్ము కట్టనిదే సామాను దించబోమని పట్టుబడితే, అభ్యంతరంతో చెల్లిస్తున్నట్లు రసీదుపై రాసి, ప్రతిని భద్రపరచుకోవాలి. బలవంతంగా వసూలు చేసిన సొమ్మును తిరిగి చెల్లించవలసిందేనని భారతీయ కాంట్రాక్టు చట్టం, 1872లోని 72వ సెక్షన్ చెబుతోంది. సరకు అప్పగించడానికి రైల్వే కంపెనీ అక్రమ చార్జీ వసూలు చేసిన సందర్భాన్ని ఆ సెక్షన్ ఉదాహరణగా పేర్కొనడం గమనార్హం.

పెట్టెలను జాబితాతో సరిచూసుకుని, పగుళ్లు, లోట్లు ఉంటే ఫొటోలు తీసి, డెలివరీ పత్రంపై రాసిన తరువాతే సంతకం చేయాలి. సామాను నష్టంపై దావా వేయదలచినవారు బుకింగ్ తేదీ నుంచి 180 రోజులలోగా రవాణాదారుకు లిఖితపూర్వక నోటీసు ఇవ్వాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తాము నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే రెండేళ్లలోగా ఫిర్యాదు చేసుకోవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదు రుసుము లేదు.

బయలుదేరే ముందే సొమ్మంతా చెల్లించకుండా కొంత మొత్తాన్ని డెలివరీ తరువాత చెల్లించేలా ఒప్పందం చేసుకోవడం, కొటేషన్, సామాను జాబితా, బిల్లులను తమ వెంట ఉంచుకోవడం శ్రేయస్కరం. ఈ పత్రాలను లారీలోని పెట్టెల్లో పెట్టరాదు.